మా సెల్లార్లో గోదారి

మా ఇల్లు ఫిల్మ్ నగర్ గుట్టకు ఆనుకుని ఉంటుంది. ముందు నుంచి చూస్తే మామూలు ఇల్లే, వెనక సగం మాత్రం రాతిలోకి దిగి ఉంటుంది. ఆ కింది గదినే సెల్లార్ అంటాం. వానాకాలం వచ్చిందంటే గుట్ట మీద పడ్డ నీళ్ళన్నీ మా వెనక గోడను వెతుక్కుంటూ వస్తాయి. చుట్టూ అన్ని బంగళాలుండగా మా గోడే వాటికి ఎందుకు నచ్చిందో నాకు తెలియదు.

మా ఆయన సినిమా సెట్లు వేసే మేస్త్రీ. చెక్క, గోనెగుడ్డ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రాజుల కోటలు లేపేవాడు. షూటింగ్ అయిపోగానే వాటిని పడగొట్టేసేవాళ్ళు. చెమ్మ చెమ్మ అని నేను పోరుపెడితే, ఒక ఆదివారం కూర్చుని ఆ తడి గోడ ముందు ఇంకో గోడ పెట్టాడు. సెట్ గోడ. దానికో కిటికీ, కిటికీలో గోదారి, కొబ్బరి చెట్లు, ఒక పడవ. మా పుట్టిల్లు గోదారి ఒడ్డున లెండి.

"నీళ్ళు ఆపమంటే నీళ్ళ బొమ్మ వేస్తావేంటయ్యా?" అన్నాను.

"నీళ్ళ సంగతి చూశాన్లే. నువ్వు గోదారి చూసుకో" అన్నాడు.

ఆయన పోయాక ఆ గోదారి నిజంగానే కారడం మొదలుపెట్టింది. పడవ ఉబ్బింది. కొబ్బరి చెట్లకు బూజు పట్టింది. పొద్దున్నే తుడవడం, పిండడం, మళ్ళీ తుడవడం, నా నడుం విరిగిపోయింది. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ ఒక సలహా పారేసి పోయేవాడు. ఒకాయన గోడకు చెమ్మ మందు పూయమన్నాడు. ఇంకొకావిడేమో మీ ఇంట్లో గంగమ్మ వెలిసింది, పసుపూ కుంకుమా పెట్టమంది. పెట్టాను. అవి కూడా కారిపోయాయి.

నా కూతురు ఆ గదిలోనే సీరియళ్ళ వాళ్ళకు జాకెట్లు కుడుతుంది. మొన్న ఒక పట్టు జాకెట్టు వెనక్కి వచ్చింది. దాని ముక్కవాసనకు, వేసుకున్న అమ్మాయికి తుమ్ములు ఆగలేదట. ఇంకోసారి ఇలా జరిగితే వేరేచోట కుట్టించుకుంటామని చెప్పి పంపారు.

"ఆ గోడ తీయించేద్దామమ్మా" అంది కూతురు.

"మీ నాన్న కట్టిన గోడల్లో ఇంకా నిలబడింది అదొక్కటేనే."

"నిలబడలేదమ్మా. నానుతోంది."

మర్నాడే షేక్‌పేట నుంచి తాపీ మేస్త్రీని పిలిపించాం. అతను వేలితో ఒక్క పొడుపు పొడిచాడు, వేలు లోపలికి దిగిపోయింది.

"గిది గోడ గాదు పెద్దమ్మా, నానిన అట్ట. కొట్టాల్నా, వద్దా? జర జల్ది చెప్పు."

"కొట్టు నాయనా. కిటికీ మాత్రం జాగ్రత్తగా ఊడదీసి ఇవ్వు."

పాపం జాగ్రత్తగానే పట్టుకున్నాడు. పట్టుకోగానే గోదారి ముద్దయి అతని చెప్పుల మీద పడింది.

"నేనేం చెయ్యలే పెద్దమ్మా. గదే పడ్డది."

మిగతాదంతా పెరికేస్తే, వెనక అసలు గోడ అడుగున నిలువునా చీల్చిన ప్లాస్టిక్ పైపు కనిపించింది. వాలుగా బయటి కాలువ దాకా పోయింది. నీళ్ళ సంగతి చూశానన్నది అదన్నమాట. ఆయన వేసిన ప్లాస్టరే పెచ్చులూడి అందులో పడి, పైపును పూడ్చేసింది.

"పెద్దాయన పని మంచిగనే చేసిండు" అన్నాడు మేస్త్రీ. "పైప్ ఉందని నీకు చెప్పలేదా?"

చెప్పి చావొచ్చుగా మనిషి. నేను తుడిచి పిండిన నీళ్ళు ఒక చెరువుకు సరిపోతాయి. పైపు ఉంది, అప్పుడప్పుడు చూసుకోమని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

ఇప్పుడు నీళ్ళు బుద్ధిగా బయటికి పోతున్నాయి. గది ఆరింది, జాకెట్లు వెనక్కి రావడం లేదు. గోడ వికారంగా ఉంది, టైల్స్ వేయిద్దామంటుంది కూతురు.

"వద్దే. ఇంకేదీ అడ్డం పెట్టొద్దు. కారేది నాకు కనపడుతూ కారనీ" అన్నాను.

పొద్దున్నే చీపురుపుల్లతో ఆ పైపు పొడుస్తాను. పొడుస్తున్నంతసేపూ ఆయన్ని తిడతాను.