బావ పోసిన నీళ్ళు

మా బావని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. వరస ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ "నీళ్ళబావ" అనే అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు ఇరవై రెండేళ్ళు గర్వపడ్డాను కూడా.

మా అక్క మొగుడు కలప వ్యాపారం చేసే ఒక పెద్దాయన దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. వెనక సీట్లో పెద్దాయన కునుకు తీస్తే, ఇల్లొచ్చిందని తట్టి లేపాలి తప్ప, బ్రేకు కుదుపుకి ఆయన లేచిన పాపాన పోలేదు. ఆ కారు అప్పటికే పాతది. గుండ్రటి దీపాలు, గేదె వీపంత బానెట్. బావ రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు చూసి, రేడియేటర్లో నీళ్ళు పోసి, ఆ తర్వాతే టీ తాగేవాడు. ఆ పని అయ్యేదాకా అక్క పిలిచినా పలికేవాడు కాదు.

ఒక రోజు దూర ప్రయాణంలో ఇంజను వేడెక్కి పట్టేసింది. కారుకి తాడు కట్టి లాక్కొచ్చారు. మెకానిక్కుని కాబట్టి నన్ను పిలిచారు. నేను కొత్తగా షెడ్డు పెట్టుకున్న రోజులవి. పెద్దాయన లాంటి గిరాకీ పోతే తలుపులు మూసుకోవాల్సిందే. రేడియేటర్ మూత తీసి చూశాను.

"చుక్క నీళ్ళు లేవండీ," అన్నాను.

"పొద్దున నిండా పోశాను," అన్నాడు బావ.

"పోస్తే ఎక్కడికి పోతాయి బావా, దాహమేసి నువ్వు తాగేశావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే తీర్పు అయిపోయింది. పెద్దాయన బావని పనిలోంచి తీసేశాడు. కోపంతో కారుని గోదాము వెనక పడేసి కొత్తది కొనుక్కున్నాడు.

బావ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. చెప్పుల దుకాణంలో చేరాడు. నిచ్చెనెక్కి పెట్టెలు అందిస్తాడు. నేను మాత్రం ఆ హాస్యం వదల్లేదు. భోజనాల దగ్గర ఎవరి గ్లాసయినా ఖాళీ అయితే, "బావనడక్కండి, మర్చిపోతాడు" అనేవాణ్ణి. బావా బావమరుదులన్నాక పరాచికాలు మామూలేగా అనేవాళ్ళు మావాళ్ళు. బావ కూడా నవ్వేవాడు.

ఈమధ్య పెద్దాయన పోయాక, ఆయన కూతురికి ఆ కారుని బాగుచేయించాలని బుద్ధి పుట్టింది. నా షెడ్డుకే తెచ్చింది. "బానెట్ ఎత్తగానే చూసేవాళ్ళకి కళ్ళు చెదరాలి," అంది.

బానెట్ ఎత్తితే ఎలుకల గూడు, ఎండుటాకులు, వాటి కింద వేలు మందాన జిడ్డు. బ్యాటరీ తీసేశాను. కార్బొరేటరుకీ డిస్ట్రిబ్యూటరుకీ ప్లాస్టిక్ సంచులు కట్టాను. కిరోసిన్ పూసి నానబెట్టడం, రేకు ముక్కతో గీకడం, బ్రష్షుతో రుద్దడం, పాతగుడ్డతో తుడవడం. ఈ పనంటే నాకు ఇష్టం, ఎవరికీ అప్పగించను. మూడో రోజుకి పైభాగమంతా మెరుస్తోంది. నాలుగో రోజు ఇంజను పక్కకి, కిందికి దిగాను. అక్కడ నీళ్ళు వదలడానికి చిన్న ఇత్తడి కుళాయి ఉండాలి. జిడ్డు గీకి చూస్తే కుళాయి లేదు, బెజ్జం ఉంది. ఆ బెజ్జం నుంచి కిందిదాకా నీళ్ళు కారిన తెల్లటి చార. బెజ్జం అంచున ఇరుక్కుని ఒక నీలం గుడ్డ పీలిక.

ఆ గుడ్డ నా చొక్కాది.

ఆ ప్రయాణానికి ముందు సాయంత్రం రేడియేటర్ కడిగింది నేనే. నీళ్ళు వదలబోతే ఆ కుళాయి విరిగి చేతికొచ్చింది. సామాన్ల దుకాణం మూసేసి ఉంది. చెక్క బిరడా చెక్కి, చొక్కా చింపి చుట్టి, సుత్తితో దిగ్గొట్టాను. పొద్దున్నే కొత్త కుళాయి వేద్దామనుకున్నాను. నేను లేచేసరికి కారు వెళ్ళిపోయింది. దారిలో బిరడా ఊడిపోయింది. మర్చిపోయానంటే సగమే నిజం. ఆ రోజు మూత తీసి చూసినవాణ్ణి వంగి కింద కూడా చూసి ఉండాల్సింది. ఏం కనిపిస్తుందో లోపలెక్కడో తెలుసు కాబట్టే చూడలేదు.

ఇప్పుడైనా ఏం చేశాను? నేను ఆలోచించేలోపే నా చేతులు ఇనుప బ్రష్షు తీసుకుని ఆ చారని రుద్దేశాయి. సరిగ్గా అప్పుడే పెద్దాయన కూతురు వచ్చింది.

"అబ్బ, ఎంత బాగుందో! నీళ్ళబావగారు ఆ రోజు కాసిని నీళ్ళు పోసి ఉంటే, ఇది ఇంకా తిరుగుతూనే ఉండేది," అంది.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నా కొంత నయం. నేను నవ్వాను. గుడ్డ పీలిక గుప్పిట్లో పెట్టుకుని మరీ నవ్వాను. బతుకులో వెధవ పనులు చాలా చేశాను గానీ, ఆ నవ్వంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. బామ్మర్ది బతకగోరతాడని సామెత. అది పుట్టించినవాళ్ళు నన్ను చూసి ఉండరు.

ఆమె వెళ్ళాక షెడ్డు మూసేసి బావ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు కూర్చుని సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఏంట్రా, మొహం అలా ఉంది?" అన్నాడు.

పీలిక చేతిలో పెట్టి మొత్తం చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే ఆ పొద్దున నేను నీళ్ళు పోశానన్నమాట," అన్నాడు.

"పోశావు బావా."

"పోసినట్టే గుర్తురా నాకు. కానీ మీరందరూ అలా అన్నాక నామీద నాకే అనుమానం పట్టుకుంది. పోశానో, పోశాననుకున్నానో! అలాంటివాడు బండి నడిపితే ఎప్పుడో ఎవరినో చంపుతాడని మానేశాను."

ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకుని వచ్చాను నేను.

"రేపే ఆవిడకి చెప్పేస్తాను బావా. ఊరందరికీ చెప్తాను."

"ఊరి సంగతి తర్వాత. ముందు లోపలికెళ్ళి మీ అక్కకి చెప్పు. గ్యాసు కట్టేశానని నేనంటే, ఇవాళ్టికీ లేచి వెళ్ళి చూసొస్తుంది."

అక్క మంచం మీద బట్టలు మడతపెడుతోంది. చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. నావైపు చూడనైనా లేదు. నా వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ బావ వైపు చూసింది.

"వాడు చూసి చెప్పాడు కదా అని, మీరు నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేసినా నమ్మలేదు," అంది.

బావ ఒక అడుగు లోపలికి వేశాడు. ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్నది నేనేనని అప్పటికి తెలిసింది. తప్పుకున్నాను.