మోతికి కొరకరాని పరుపు

నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో మా ఇంట్లో మోతి అనే కుక్క ఉండేది. పేరుకు ఇంటి కుక్క, నిజానికి అది మా అక్క కుక్క. ఎడ్లబండి చక్రం దాని వెనక కాలి మీద ఎక్కినప్పుడు పసుపు రాసి, కట్టు కట్టి బతికించింది అక్కే. కాలు అతికింది కానీ వానకాలం వస్తే బిగుసుకుపోయేది. తడి బండల మీద పడుకుంటే పొద్దున లేవలేక మూలిగేది. అందుకని దాని కింద ఎప్పుడూ ఏదో ఒకటి మెత్తగా పరిచేవాళ్ళం.

ఆ ఏడు ఎండాకాలంలో అక్క పెళ్లయి, నిర్మల్ దగ్గరి అత్తగారింటికి జీపులో వెళ్ళిపోయింది. ఇక జీపు చప్పుడు వినబడితే చాలు, మోతి రోడ్డు మీదికి ఉరికేది. దేని కిందైనా పడుతుందని భయం. నాట్ల రోజుల్లో అందరం పొలానికి పోవాలి గనుక దాన్ని చుట్టుగోడ లోపల వాకిట్లోనే ఉంచి, వీధి తలుపుకు బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేవాళ్ళం. వచ్చి చూస్తే దాని పడక పీలికలై ఉండేది.

ముందు పోయింది అవ్వ పాత చీరలతో కుట్టిన బొంత. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. తర్వాత బాపు గోనెసంచిలో వరిగడ్డి కూరి ఇస్తే, వాకిలంతా గడ్డే. ఈసారి గట్టిగా ఉండాలని, తడి కూడా పీల్చదని, ఎరువుల ప్లాస్టిక్ సంచి పరిచాం. మోతి దాన్ని చింపి ఊరుకోలేదు, ముక్కలు మింగింది. తిండి మానేసి, కక్కుకుంటూ, గోడ వారన పడి ఉంది. అది చూశాక బాపు మనసు మారింది.

“గిట్లయితె ఇది బతకది. గోదారి అవుతల మా మామ గొర్ల మంద కాడ ఇడిసొస్త. గాడ ఎప్పుడు మనుషులుంటరు” అన్నాడు.

బాపు కోపంతో అన్న మాట కాదు. కోపమైతే సాయంత్రానికి చల్లారేది. పక్కింటికి పరుగెత్తాను.

పక్కింటామెను నేను ఖాలా అనేదాన్ని, వాళ్ళ మాటలో చిన్నమ్మ అని. లారీల మీద కప్పే కాన్వాసు పట్టాలు కుట్టడం వాళ్ళ పని. ఆమె వచ్చి, మోతిని నిమిరి, చిరిగిన గోనెసంచి తెప్పించుకుని అటూ ఇటూ తిప్పింది.

“చూడు బేటా, నడుమ ఏడ కొరకలే. కుట్టు కాడ, మూల కాడ పట్టుకొని గుంజింది. పంటికి అంచు దొరకకుంట కుడ్తె సరి.”

వాళ్ళింట్లో కొత్త కాన్వాసు ముక్కలున్నా, నూనె వాసన కొడుతుందని వాటిని పక్కన పెట్టి, ఎండా వానా తిని వాసన పోయిన పాత పట్టా తీసింది. లోపల గడ్డి కూరలేదు. గోనెను మడతలు మడతలుగా వేసి, పైనుంచి కింది దాకా దగ్గరగా కుట్టేసింది. ఎక్కడైనా చిల్లు పడినా లోపలినుంచి లాగడానికి ఏమీ రాదు. మూలలు గుండ్రంగా కోసి, అంచులన్నీ లోపలికి మడిచింది. గోరు పెట్టి చూడమంది నన్ను. చుట్టూ తడిమినా పట్టు దొరకలేదు.

మింగిన ముక్కలన్నీ కక్కేసి మోతి తేరుకున్నాక, ఆ పరుపు వేసి పొలానికి పోయాం. వచ్చేసరికి పరుపు పరుపులాగే ఉంది. పంటిగాట్లున్నాయి, అంతే. కానీ తలుపు కింది చెక్క చీలికలైపోయింది. మోతి చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది.

“పరుపు ఆగింది గని కుక్కే ఆగుతలేదు” అన్నాడు బాపు, తలుపు ముందు కూచుని. “రేపు తీస్కపోత.”

ఖాలా మోతి నోరు కడుగుతూ మా అవ్వను అడిగింది. “అక్కా, మీరు ఇంట్లకెల్లి ఎట్ల ఎల్తరు?”

“మేము పోంగ జూస్తె ఏడుస్తది. ఎనక బోళ్ళు తోమే జాలారు కాడ దానికి బువ్వ వెట్టి, తింటుండంగ సప్పుడు జెయ్యకుంట ఎల్తం.”

“తిని ముందటికొచ్చి చూస్తె ఎవ్వరుండరు. పరేషాన్ గాదా? మల్లొస్తరని దానికెట్ల తెలుస్తది?”

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. “అక్క గూడ గట్లనే పోయింది. నన్ను లేపలే.”

పెళ్లిలో అప్పగింతలప్పుడు నేను నిద్రపోయాను. ఏడుస్తానని ఎవరూ లేపలేదు. లేచి చూసేసరికి పందిట్లో జంబుఖానాలు చుట్టేస్తున్నారు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

అవ్వ నా వైపు తిరిగింది. “నువ్వు ఏడుస్తె సూడలేకనే బిడ్డా.”

“ఏడిస్తె ఏడుస్తుంటి. అక్కనన్న సూస్తుంటి.”

అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. బాపు లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మర్నాడు గోదావరి దాటే మాట ఎత్తలేదు.

ఖాలా చెప్పినట్టే చేశాం. మోతి తల మీద చెయ్యి వేసి “పోయొస్త” అని చెప్పి, గొళ్ళెం పెట్టి, సందు మలుపు దాకా పోయి తిరిగి రావడం. అది కుదిరాక బావి దాకా, ఆ తర్వాత బజారు దాకా. కుక్కతో మాట్లాడటానికి బాపుకు సిగ్గు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, “మోతీ, నాటు కాడికి పోతున్న. పొద్దూకేవరకు వస్త” అని గబగబా చెప్పేవాడు. మొదట్లో మోతి ఏడ్చింది, తలుపు ఇంకొంచెం కొరికింది. నాట్లు ముగిసేనాటికి మాత్రం మేము గొళ్ళెం పెడుతుంటే వెళ్ళి పరుపు మీద పడుకునేది.

అవ్వ కూడా ఎక్కడికి పోయినా ముందు నాకు చెప్పడం మొదలుపెట్టింది. పొలం పని సద్దుమణిగాక నన్ను అక్క దగ్గరికి తీసుకుపోయింది. తిరిగి వచ్చేరోజు అక్క బస్సు దాకా వచ్చి చెయ్యి ఊపితే గట్టిగా ఏడ్చాను. ఎవరూ ఆపలేదు. బస్సు గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి ఏడుపు దానంతట అదే తగ్గి, ఆకలైంది.

ఆ వానకాలం నుంచి నేను ఎవరినీ ఏమార్చి వెళ్ళలేదు. పిల్లలను బడిలో దింపేటప్పుడైనా, ఊరికి పోయేటప్పుడైనా చెప్పి, వాళ్ళు ఏడిస్తే కాసేపు నిలబడి, అప్పుడే కదిలేదాన్ని. ఈ మధ్య మోకాలి ఆపరేషన్‌కు కరీంనగర్ బయలుదేరుతుంటే మా కొడుకు చెవిలో అన్నాడు, “పాపకు చెప్పకే అవ్వా, ఏడుస్తది. దుకాణంకు పోయిందని చెప్తం.”

నేను గడప మీద కూచుని మనవరాలిని పిలిచాను. ఎక్కడికి పోతున్నానో, కాలికి ఏం చేస్తారో, ఎన్నాళ్ళు అక్కడే ఉండాలో చెప్పాను. నా కొంగు పట్టుకుని ఏడ్చింది. బయట ఆటో ఆగి ఉంది, ఉండనిచ్చాను. కాసేపటికి అరచేత్తో ముక్కు తుడుచుకుని, “మల్ల ఆటోల్నే వస్తవా, బస్సుల వస్తవా?” అని అడిగింది.

ఆటోలోనే వస్తానన్నాను.

“అయితె నేను గేటు కాడ నిలవడ్త” అంది, కొంగు వదిలేస్తూ.