జీడిపప్పు పెరుగు, బావ ఇచ్చిన గోళీలు

నాకు పాలు పడవు. ఒక్క కప్పు టీ తాగినా కడుపు ఉబ్బిపోయి, బడిలో రెండో పీరియడ్‌కల్లా పిల్లల ముందు నిలబడలేకపోయేదాన్ని. ఇంట్లో అందరికీ ఇదొక బాధగా తెలుసు. మా అక్క భర్తకు మాత్రం ఇందులో తన విద్య చూపించుకునే అవకాశం కనిపించింది.

బావ బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మోటర్ల గురించి ఆయన ఏం చెప్పినా కళ్లు మూసుకుని నమ్మొచ్చు. రిటైరయ్యాక ఫోనులో మూడు రోజుల క్లాసు విని, మనుషుల పేగులు కూడా బాగుచేయగలనన్న నమ్మకానికి వచ్చాడు. సెంటినరీ కాలనీలో తన ఇంటి వరండాలో ప్రతి ఆదివారం పాఠం. గోడకు పేగుల బొమ్మ, చేతిలో స్కేలు, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది.

ఒకరోజు నా చేతిలో ఓ సీసా పెట్టాడు.

"ఇండ్ల ఎంజైము గోళీలున్నయ్. తిన్నది జల్ది అరుగుతది. జీడిపప్పు పెరుగుతోని తీసుకోవాలె. గా పెరుగుల మంచి బ్యాక్టీరియా ఉంటది. రెండూ కలిస్తే నీ కడుపు కొత్త మోటరు లెక్క నడుస్తది."

"రెండూ కలిపి ఎందుకు బావా?"

"నీకన్నీ డౌట్లే. చెప్పింది చెయ్."

చేశాను. బడిలో సైన్సు చెప్పేదాన్నయ్యుండీ నోరు మూసుకుని చేశాను. పాలు, టీ మానేయమన్నాడు, మానేశాను. జీడిపప్పు నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆయనే ఇచ్చిన బ్యాక్టీరియా పొడితో తోడుపెట్టాను. మా ఎండలకు అది మధ్యాహ్నానికే పులిసి, మూత తీస్తే బుస్సుమంది. బావకు చూపిస్తే, "బ్యాక్టీరియా మస్తు హుషారుగున్నయ్" అన్నాడు.

మూడు వారాలకు కడుపు తేలికపడింది. బావ నన్ను క్లాసులో నిలబెట్టి అందరికీ చూపించాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను కూడా.

సీసా అయిపోయాక, కొత్తది తెచ్చుకుందామని మొదటిసారి దాని మీది అక్షరాలు చదివాను. అందులో ఉన్నది ఒకే ఒక్క ఎంజైము. పాలలోని చక్కెరను అరిగించేది. జీడిపప్పు పెరుగులో పాలచుక్క ఉంటే కదా! ఇన్నాళ్లూ ఆ గోళీ పనిలేకుండా నా కడుపులో తిరిగొచ్చింది. నాకు తగ్గింది టీ మానేసినందుకు.

దవాఖానలో డాక్టరమ్మను అడిగాను. ఆమె సీసా తిప్పి చూసింది. "టీ తాగాలనుకున్న రోజు ఇది వేసుకోండి. ఆ పెరుగు మీకు రుచిస్తే తినండి. ఈ రెంటికీ సంబంధం లేదు" అంది.

తర్వాతి ఆదివారం క్లాసులో లేచి అదే చెప్పాను. బావ స్కేలు కింద పెట్టాడు.

"నీకు తగ్గిందా, లేదా?"

"తగ్గింది. పాలు బందువెట్టినందుకు."

"తగ్గిందన్నది కదా, ఇన్నరా?" అన్నాడు అందరివైపూ తిరిగి. ముందు కుర్చీలోని ముసలాయన తలూపి, "నేను రెండు గోళీలు ఏస్కోవాల్నా బిడ్డా?" అని నన్నే అడిగాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. పోయిన నెల అదే వరండాలో నవ్వుతూ నిలబడ్డ టీచరమ్మను చూసే కదా ఆయన నమ్మింది.

"ఒక్కటి గూడ అవసరం లేదు కాకా. దవాఖానకు పో" అన్నాను.

బావ నాతో నెలరోజులు మాట్లాడలేదు. క్లాసులు మాత్రం ఆగలేదు. నేను టీ తాగే రోజు గోళీ వేసుకుంటున్నాను. మిగిలిన జీడిపప్పును మా ఇంట్లో ఉప్మాలో వేశాను.