కాటా గదిలో ఇద్దరు తోడల్లుళ్ళు

ఈ ఉదయం మా ల్యాప్‌టాప్ మూగబోయింది. తప్పు నాదే. కొత్త అప్‌డేట్లు వచ్చాయని అది చెబితే, కాఫీ తాగిన హుషారులో పాత అలవాటుకొద్దీ నల్ల తెర తెరిచి కమాండు నా చేత్తో నేనే కొట్టాను. పావుగంట సేపు అక్షరాలు బిలబిలమని పైకి పరిగెత్తాయి. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. ఆ పూట అందులో నాటకం వింటూ కూరలు తరుక్కోవడం మా ఆవిడకి అలవాటు. వంటింట్లోంచే అరిచింది. "ఏటండీ, పాడు సేసేసేరా? మా మరిదికి ఓ ఫోన్ కొట్టకూడదేటి?" మరిది అంటే ఆమె చెల్లెలి మొగుడు, నాకు తోడల్లుడు. నాకు అరవై రెండేళ్ళు. మద్దిలపాలెంలో ఈ అద్దె వాటాలోకి వచ్చి నాలుగేళ్ళయింది, కాటా ఉద్యోగం మానేసీ నాలుగేళ్ళే. అయినా ఆ మాట వినగానే పాత కుళ్ళు మళ్ళీ రాజుకుంది. "నాకు తెలీదా?" అని కసురుకుని, ఏ అప్‌డేట్ కొంప ముంచిందో చూద్దామని చిట్టా తెరిచాను. మా కంప్యూటరు నడిచేది లైనక్స్ అనే వ్యవస్థ మీద. లైనక్స్‌లో ఆ సదుపాయం ఉంది, ఏ రోజు ఏం మార్చామో అదే రాసిపెట్టుకుంటుంది. అడుగున, ఈ పని చేయమన్నది ఫలానా అని ఇంగ్లీషులో నా పేరు ఉంది.  తొమ్మిదేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి వరసలోనే నా పేరు మరో తెర మీద కనపడింది. అప్పుడు ఆ తెర ముందు కూర్చున్నవాడు మా తోడల్లుడు.

అప్పట్లో నేను మల్కాపురం దాటాక ఒక ప్రైవేటు యార్డులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. పోర్టు నుంచి బొగ్గుతో వచ్చే లారీలు మా కాటా ఎక్కి తూకం చీటీ పుచ్చుకుంటే తప్ప గేటు దాటడానికి లేదు. కాటా గది ఎంతో లేదు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కిటికీ. ఏడాది పొడుగునా బొగ్గు నుసి. పొద్దున్న వేసుకున్న తెల్లచొక్కా మధ్యాహ్నానికి ఏ రంగో చెప్పలేం. బల్ల మీద లైనక్స్ కంప్యూటరు, దాని కడుపులో కాటా నుంచి వచ్చే తీగ తగిలించే ఒక కార్డు. ఆ కార్డు చెప్పే మాట కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది, దాన్నే డ్రైవరు అంటారు. అది పనిచేస్తే తూకం అంకెలు తెర మీద పడతాయి, లేకపోతే ముప్ఫై టన్నుల లారీ ఎక్కినా సున్నాయే. ఈ సంగతి ఆ యార్డు మొత్తం మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని యజమాని దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరూ నన్ను మాస్టారూ అనేవాళ్ళు. నేను ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాను, పదో తరగతి రెండోసారికి గట్టెక్కినవాణ్ణి. ఆ పిలుపు కోసం మాత్రం జ్వరం వచ్చినా డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

నా మాస్టారితనం రహస్యమంతా ఒక రెండువందల పేజీల నోటు పుస్తకంలో ఉండేది. ఆ కంప్యూటరుకి మేం అప్‌డేట్లు పెట్టేది ఏడాదికి ఒక్కసారి, దసరా ఆయుధపూజ నాడు. ఆ ఒక్కరోజే కాటా మీదికి లారీ ఎక్కదు. పొద్దున్నే గదంతా కడిగి, లారీ ఎక్కే ఇనప పళ్ళానికి పసుపు పూసి, మానిటరు మూలకి గంధం బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళం. కొబ్బరి ముక్కలు పంచాక, కాటా అమ్మిన కంపెనీ తాలూకు మనిషి వచ్చి ఏడాది అప్‌డేట్లన్నీ ఒకేసారి ఎక్కించి, డ్రైవరు మళ్ళీ కొత్తగా కట్టి వెళ్ళేవాడు. కట్టడం అంటే, కెర్నెల్ అని వ్యవస్థకంతటికీ ఒక మూలభాగం ఉంటుంది, అది మారినప్పుడల్లా డ్రైవరుని దాని కొలతకి తయారుచేసుకోవాలి. నేను అతని వెనక నిలబడి, అతను కొట్టిన ప్రతి వరసా పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. అర్థం తెలియదు. చుక్కతో సహా ఎక్కించేవాణ్ణి. దానికి ప్లాస్టిక్ అట్ట వేసి, అట్ట మీద పసుపు బొట్టు పెట్టి, సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాణ్ణి. మామూలు రోజుల్లో ఏదైనా మొరాయిస్తే నలుగురూ చూస్తుండగా ఆ తాళం తీయడంలో ఉన్న దర్జా, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

పరవాడ వైపు ఏదో కంపెనీలో చేస్తున్న మా తోడల్లుడికి ఉన్న పని పోయింది. మల్కాపురంలో మా అత్తగారింటికి ఒక ఆదివారం భోజనానికి వెళ్తే, ఆవిడ విస్తరి దగ్గరే కదిపింది. "పెద్ద బాబూ, సిన్నోడు కూడా కంప్యూటర్ సదువే సదివినాడు గదా, మీ కాటా కాడ ఏదైనా సూడండి" అంది. ఆవిడ మాట తీసెయ్యలేక యజమానికి చెప్పింది నేనే. చేతులారా చేసుకున్నానని తరవాత ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ ఇంట్లో కోనాం చేప పులుసు పెడితే తలకాయ ముక్క పెద్దల్లుడి కంచంలో పడడం పద్ధతి. పదిహేనేళ్ళుగా అది నాదే. ఆ కుర్రాడు, కుర్రాడేంటి, నాకంటే పదేళ్ళే చిన్న, కాటాలో చేరిన రెండో నెలలో అత్తగారి ఫోను, రేడియో, టీవీ బాగుచేసి పెట్టాడు. ఆ ఆదివారం పులుసు గిన్నె తిన్నగా అతని వైపు వెళ్ళింది. నాకు నడుం ముక్క పడింది. నడుం ముక్క రుచిలో తక్కువేం కాదు. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో చెప్పక్కర్లేదు కదా.

కాటా గదిలో ఇంకా ఘోరం. అతను పుస్తకం లేకుండా కమాండ్లు కొట్టేవాడు! తప్పు వస్తే కంగారుపడకుండా ఆ ఎర్ర అక్షరాలు కుదురుగా చదివేవాడు. తప్పు చదువుతారా ఎవరైనా? నేనైతే చూడకుండా తుడిపేసేవాణ్ణి. ఏడాదికోసారి కాదు, వారం వారం అప్‌డేట్లు పెట్టాలని యజమానిని ఒప్పించాడు. కెర్నెల్ ఒక్కటి మాత్రం కదలకుండా దానికి లాకు వేశాడు, అది మారితే కార్డు డ్రైవరు పనిచేయదని. అప్పటిదాకా అందరం ఒకే పేరుతో కంప్యూటర్లోకి వెళ్ళేవాళ్ళం. అతను వచ్చాక ఎవరి పేరు వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకి. "మీకు కావల్సినవన్నీ ఇందులోనే ఉన్నాయి అన్నయ్యా" అని నా పేరుతో ఒక ఖాతా తెరిచి, చక్కగా వెనక సముద్రం బొమ్మ కూడా పెట్టి ఇచ్చాడు. నా ఏడుపు ఏంటంటే, అతను నన్ను ఒక్కమాట తీసిపారేసినట్టు అన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక దారి దొరికేది. అలా అనేవాడు కాడు. ఒకరోజు కిటికీ దగ్గర ఒక లారీ డ్రైవరు తల లోపలికి పెట్టి, "ఏటి మాస్టారూ, పొద్దెక్కిపోతంది, బేగి తూసి ఒగ్గేయండి" అన్నాడు. అలవాటు కొద్దీ నేను లేచాను. ఆ డ్రైవరు చూస్తున్నది నా వైపు కాదు.

దాచుకోను, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ వారమంతా సయించలేదు. ఆ వారం చివర, పిల్ల స్కూల్లో ఏదో ఉందని అతను మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. సాయంత్రం టీ వేళకి గదిలో నేనొక్కణ్ణే. అతను వేసిన లాకు ఎలా తీయాలో అతను వేస్తున్నప్పుడే చూసిపెట్టుకున్నాను. తీసేశాను. అప్‌డేట్ కొట్టాను. నా లెక్క ఇది. పొద్దున్న కంప్యూటరు ఆన్ చేస్తే కొత్త కెర్నెల్ లేస్తుంది, కాటా పలకదు, వారం వారం అప్‌డేట్లు అన్న పెద్దమనిషి మొహం మాడుతుంది. అప్పుడు నేను నెమ్మదిగా సొరుగు తాళం తీస్తాను, పుస్తకంలో డ్రైవరు కట్టే పేజీ ఉంది, కొడతాను, కాటా పలుకుతుంది, మళ్ళీ మాస్టారిని నేనే. యజమాని అతన్ని పంపించేసినా పంపించేస్తాడని నాకు తెలుసు. తెలిసే చేశాను. అతనికి ఆ ఉద్యోగం తప్ప అప్పుడు మరో ఆధారం లేదన్నదీ తెలుసు.

పొద్దున్న నా లెక్క సగం వరకు తప్పలేదు. అగరబత్తి వెలిగించి కంప్యూటరు ఆన్ చేస్తే, మొదటి లారీ ఎక్కింది, సున్నా. దింపి మళ్ళీ ఎక్కించారు, సున్నా. గంటలో లారీలు గేటు దాటి రోడ్డు మలుపు దాకా నిలిచిపోయాయి. హారన్లు, తిట్లు. యజమాని జీపు దిగి పరిగెత్తుకొచ్చాడు. నేను గొంతు సవరించుకుని, తాళం తీసి, పుస్తకం విప్పి మొదలుపెట్టాను. మొదటి వరసకే తప్పు. రెండో వరసకీ తప్పు. పుస్తకంలో ఉన్నవన్నీ పాత కెర్నెల్ నంబరుతో రాసుకున్నవి. నంబరు మార్చి కొట్టాలని నాకు తట్టలేదు, ఏది నంబరో ఏది మంత్రమో నాకు తెలిస్తే కదా! చుక్కతో సహా కొట్టినదే మళ్ళీ మళ్ళీ కొట్టాను. చెమట కీబోర్డు మీద పడుతోంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "ఒకపాలి నన్ను సూడనీ అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. లేచి కుర్చీ ఇచ్చాను.

అతను చేసింది చూస్తే ఎంతో లేదు. కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ అవుతుండగా ఒక మీట నొక్కి పట్టుకున్నాడు. ఒక పట్టిక వచ్చింది. అందులో కొత్త కెర్నెల్ కింద పాతదీ ఉంది. "కొత్తది వచ్చినా పాతదాన్ని పారెయ్యదు సార్, ఎనకాల ఉంచుతాది" అని యజమానికి చెబుతూ పాతదాన్ని ఎన్నుకున్నాడు. అంకెలు పడ్డాయి. లారీలు కదిలాయి. నేను ఊపిరి పీల్చుకునే లోపల యజమాని, "అసలిది ఎలా మారిపోయింది? ఎవరు చేశారు?" అన్నాడు. అతను చిట్టా తెరిచాడు. నేను అతని కుర్చీ వెనకే ఉన్నాను, యజమాని గుమ్మంలో. తెర పైకి జరిగి జరిగి ఒకచోట ఆగింది. నిన్నటి తేదీ, టీ వేళ, పక్కన నా పేరు. కంప్యూటరు అలా పేరు రాసుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అతని వేలు మీట మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.  తెర మూసేశాడు. "నా తప్పే సార్. లాకు సరిగ్గా ఎయ్యనేదు నాను. అదంతట అదే అయిపోనాది" అన్నాడు. "ఉద్యోగం చేస్తన్నావా, ఆటలాడుకుంటన్నావా? ఇంకోపాలి ఇలాగైతే ఇంటికెళ్ళిపో" అని యజమాని అందరి ముందూ అరిచాడు. అతను తలొంచుకుని నిలబడ్డాడు. నేను పుస్తకం మూసి, ప్లాస్టిక్ అట్ట మీద పసుపు గోటితో గీకుతూ నిలబడ్డాను. 

ఇక్కడితో నా కుళ్ళు కరిగిపోయిందని రాస్తే బాగుంటుంది, కానీ అబద్ధం అవుతుంది. ఇంకా పెరిగింది. అప్పటిదాకా అతను నాకంటే తెలివైనవాడు మాత్రమే, ఆ రోజు నుంచి నాకంటే మంచివాడు కూడా అయి కూర్చున్నాడు. ఆ ఆదివారం అత్తగారింట్లో తలకాయ ముక్క అతని కంచంలో పడబోతుంటే, "అన్నయ్యకి ఎయ్యండత్తా, ఆయనకిష్టం" అని గిన్నె నా వైపు జరిపాడు. ఆ ముక్క ఎలా మింగానో నాకు తెలుసు. తరవాత రెండేళ్ళు పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. ఒక్కరోజు కూడా అతను ఆ ఊసు ఎత్తలేదు. నేను లేని సమయం చూసి ఎవరికో చెప్పే ఉంటాడని మా ఆవిడ మొహంలో, అత్తగారి మొహంలో, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ మొహంలో కూడా వెతికాను. ఎక్కడా కనపడలేదు. ఆ తరవాత అతను కంప్యూటర్లు బాగుచేసే షాపు సొంతంగా పెట్టుకుని బాగుపడ్డాడు. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో కలుస్తూనే ఉంటాం. అతను "అన్నయ్యా" అన్నప్పుడల్లా ఆ తెర మీది వరస నా కళ్ళ ముందు పడుతుంది.

ఇవాళ మా ల్యాప్‌టాప్‌ని నేనే బాగుచేశాను. ఆపి, ఆన్ చేస్తూ, మీట నొక్కి పట్టుకుని, పట్టికలో పాత కెర్నెల్ ఎన్నుకున్నాను. శబ్దం వచ్చింది. అతని దగ్గర చూసి నేర్చుకున్నదే. మా ఆవిడ నాటకంలో పడిపోయింది. ఫోన్ చేయాల్సిన అవసరమేమీ లేదు. అయినా వరండాలోకి వెళ్ళి చేశాను. కుశలాలు అయ్యాక, మళ్ళీ ధైర్యం చాలదని గబగబా అనేశాను. "ఆ రోజు కాటా ఆగిపోయింది చూడు, అది నేను చేసిందే. నువ్వు చిట్టాలో చూశావు కూడా."

"ఏ రోజు అన్నయ్యా?" అన్నాడు. నటిస్తున్నాడనుకున్నాను. లారీలు, సున్నాలు, యజమాని తిట్లు అన్నీ చెప్పుకుంటూ వచ్చాను. షాపులో ఎవరికో ఏదో అందిస్తున్న చప్పుడు వినపడింది. ఆ తరవాత నవ్వాడు. "ఓలమ్మా, అదా! ఆ చిట్టా పన్నెండు నెలలే ఉంటాది అన్నయ్యా. నెల నెలా పాతది సెరిపేసుకుంటాది. నానూ ఎప్పుడో ఒగ్గేసేను. మీరింకా అదే పట్టుకు కూకున్నారేటి?"

ఫోన్ పెట్టేశాను. ఇంత వయసొచ్చాక సిగ్గుపడాల్సిన చోట కూడా నాకు ముందు వచ్చింది అసూయే. మరిచిపోవడంలోనూ వాడే నాకంటే ముందు. లోపల మా ఆవిడ నాటకంలో ఎవరో నవ్వుతున్నారు. తొమ్మిదేళ్ళూ మా ఇంట్లో అందరికీ గడిచిపోయాయి, నాకొక్కడికే గడవలేదు.