ఆలస్యంగా వచ్చినవాళ్ల పళ్లెం

నా ఆడబిడ్డతో కలిసి పెళ్లి పత్రికలు పంచడానికి బయలుదేరడమంటే కొరివితో తల గోక్కోవడమే. తెలిసి తెలిసీ బయలుదేరాను. ఆమె కూతురి పెళ్లి. మా ఆయన మోకాళ్ల నొప్పులతో గడప దాటలేడు. మేనమామ రాలేకపోతే అత్తయినా కదలాలి కదా! పొద్దున్నే పాల్వంచలో బస్సెక్కి, రెండు ఊళ్లు తిరిగి, ములకలపల్లి చేరి నాలుగిళ్లు ముగించేసరికి మధ్యాహ్నం మూడైంది. పోయిన ప్రతి ఇంట్లో షర్బత్ ఇచ్చారు. అన్నం తినమని ఒక్కరూ అనలేదు.

"మంచి చుట్టాలమ్మా నీవి! ఒక్కళ్లన్నా ఒక ముద్ద తినిపొమ్మన్నరా?"

"నాకు చుట్టాలైతే నీ మొగుడికి గారా వదినా?" అంది. ఆమెతో మాట్లాడి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఇంకొక్క ఇల్లు మిగిలింది. ఆ ఇంటికి పోయే సందులోనే కనబడింది ఒక పెంకుటిల్లు. వరండాలో నాలుగు బల్లలు, పాత నేతచీరలు కత్తిరించి కుట్టిన తెరలు, మూలన మట్టికుండలో నీళ్లు. ఇద్దరు టీచరమ్మలు కాఫీ తాగుతూ పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. గోడకు వేలాడే పలక మీద ముత్యాల్లాంటి అక్షరాలు: ఇంటి వంట. ఈరోజు చింతచిగురు పప్పు, గుత్తివంకాయ, పచ్చిపులుసు. వాసనకే నా కడుపులో పేగులు అరిచాయి. ఇంత చిన్న ఊళ్లో, రోడ్డు మీదికి కూడా కనబడని సందులో ఇంత చక్కని చోటు ఉందని ఎవరనుకుంటారు?

ముప్పై ఏళ్లుంటాయేమో, ఒక అమ్మాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "భోజనాలు అయిపోయినయమ్మా. కాఫీ పెట్టనా?"

ఆకలేస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఏందమ్మా, పలక నిండ కూరలు రాసి కాఫీ అంటవ్? కాఫీతోని కడుపు నిండుతదా? అన్నం లేనప్పుడు చెరిపెయ్యరాదూ ఆ పలక! ఆశ పెట్టి చంపుడెందుకు?"

టీచరమ్మలు తలెత్తి చూశారు. ఆ అమ్మాయి మాత్రం కదలకుండా నా మొహంలోకే కాసేపు చూసి, "ఒక్క పళ్లెం ఉంది. ఇద్దరూ సర్దుకుంటరా?" అంది.

లోపలి గూట్లోంచి తెచ్చింది. పళ్లెం మీద పళ్లెం బోర్లించి, పైన తడిగుడ్డ కప్పి ఉంది. అచ్చం నేను ఒకప్పుడు పెట్టిన తీరే. అది చూసి ఆడబిడ్డకు పండగే అయింది.

"అవ్ గానీ, ఎవరికోసం దాచినవమ్మా ఇది? మా వదినకు గూడ గిట్ల అన్నం దాచే అలవాటుండె హాస్టల్ల," అని కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వు పదిహేనేళ్లుగా వింటున్నాను. ఇరవై ఆరేళ్లు ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేశాను. సెలవులయ్యాక అడవి లోపలి ఊళ్ల పిల్లలు బస్సులు దొరక్క ఆలస్యంగా వచ్చేవాళ్లు. వాళ్లొచ్చేసరికి అండాలో పప్పు అడుగంటి, నీళ్లే మిగిలేవి. ఆ నీళ్లు పిల్లల పళ్లెంలో పొయ్యడానికి నాకు చెయ్యి రాక, వడ్డన మొదలు కాకముందే ఒక పళ్లెం నిండుగా తీసి మూతపెట్టేదాన్ని. అందరూ తిన్నాక మిగిలింది కాదు, అందరికంటే ముందు తీసింది.

కొత్తగా వచ్చిన వార్డెన్ ఒకరోజు ఆ పళ్లెం పట్టుకుంది. ఇంటికి మోసుకుపోతున్నానంది. పిల్ల పేరు చెబితే నేను బయటపడేదాన్నే. కానీ ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆమె గేటు నుంచే వెనక్కి పంపేది, అలా పోయిన పిల్లలు మళ్లీ చదువు మొహం చూడరు. నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్నది ఆ ఒక్కరోజే! మెమో ఇచ్చారు. ఇంట్లో ఉన్నదున్నట్టు చెబితే మా ఆయనొక్కడు నమ్మాడు. మిగతావాళ్లు, దొంగ ఎప్పుడన్నా దొంగతనం ఒప్పుకుంటాడా అన్నారు. అప్పటినుంచి ఏ శుభకార్యానికి వెళ్లినా, "వదినా, టిఫిన్ డబ్బా మరువలేదు గదా?" అని నలుగురిలో ఆడబిడ్డ అడగడమూ, అందరూ నవ్వడమూ.

ఆ అమ్మాయి పళ్లెం మా మధ్య పెట్టి, ఆడబిడ్డ వైపు తిరిగి నిలబడింది.

"దాచింది గాదమ్మా, తీసిపెట్టింది. పొయ్యి దించంగనే మొదటి పళ్లెం ఆలస్యంగ వచ్చేటోళ్లకు తీస్త. మా హాస్టల్ల వంట చేసే పెద్దమ్మను చూసి నేర్చుకున్న. ఒకపాలి బస్సు లేక నడిచి వచ్చిన. గేటు కాడికి వచ్చేసరికి మేడం పెద్దమ్మను దొంగ అంటున్నది. ఆ అన్నం నాదే. పదమూడేండ్ల దాన్ని, భయానికి నోరు పెగలలే. పెద్దమ్మ నన్ను చూసింది. అయినా నా పేరు చెప్పలే. మేడం అటు తిరగంగనే లోపలికి జారుకున్న."

ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"పలక చెరిపెయ్యమని మీరు తిడుతుంటేనే గుర్తుపట్టిన పెద్దమ్మా. గొంతేం మారలే. నేను డిగ్రీ దాకా చదివిన. ఆ రోజు మీరు నా పేరు చెప్పుంటే ఏడో తరగతితోనే అయిపోయేది నా కథ."

టీచరమ్మలు పెన్నులు పక్కన పెట్టేశారు. నాకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. గర్వమొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఒళ్లంతా గర్వమే! నేను చేసింది మంచిపనేనని నాకెప్పుడూ తెలుసు. కానీ తెలిసినవాళ్లు ఇంకొకరున్నారని, అది నలుగురి ముందు చెబుతారని అనుకోలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. చింతచిగురు పులుపు సరిగ్గా కుదిరింది.

"ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది," అన్నాను.

"తెలుసు, ఏదో ఒక వంక పెడతరని!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఆడబిడ్డ గుత్తివంకాయ రెండూ నా వైపు జరిపింది. చేతులు కడుక్కుని, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి ఆ అమ్మాయికి బొట్టు పెట్టి పత్రిక ఇచ్చింది. "పెళ్లికి తప్పక రావాలె బిడ్డా," అంది.

అక్కణ్నుంచి మిగిలిన ఆ చివరి ఇంటికి వెళ్లాం. ఆడబిడ్డకు దూరపు అక్క ఇల్లు. బొట్టు పెట్టించుకుంటూ ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీ వదిననా? గా హాస్టల్ల..." అంటూ మాట మింగింది. ఇక్కడిదాకా పాకిందన్నమాట!

నేను నోరు తెరిచేలోపు ఆడబిడ్డే అందుకుంది. "అవ్ అక్కా, గామెనే. అన్నం దొంగ అని ఊరూరా చాటింది నేనే. అబద్ధం చాటిన. ఒక పిల్ల చదువు ఆగొద్దని ఆ నింద మీదేసుకున్నది మా వదిన. ఇగ నుంచి నీకు ఎవరన్న గట్ల చెప్తే, నా పేరు చెప్పి నోరు మూయించు."

ఆ అక్క గబగబా కుర్చీ దులిపి వేసింది. నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.