తవుడు సీరం

ఆ రోజుల్లో నా మొహం మీద బలపంతో అఆలు రాసి తడిగుడ్డతో తుడిచేయొచ్చు, అంతగా పలక దుమ్ము పట్టి ఉండేది. ఎనిమిదో తరగతిలో పలక పారేసి బడి నుంచి బయటపడ్డవాణ్ణి, తిరిగి తిరిగి మార్కాపురంలో పలకలు కోసే ఫ్యాక్టరీలోనే తేలాను (చదువు పగబట్టడమంటే ఇదే). మధ్యాహ్నం మిషన్లు ఆగితే దుమ్ము ఎండలో పొగమంచులా తేలేది. అప్పుడే కోసిన తడి పలక నల్లగా అద్దంలా మెరిసేది. అందులో నా మొహం కాస్త బాగానే కనబడేది, పక్కనే నాకు చూసిన కురిచేడు అమ్మాయి మొహం కూడా. నిజానికి ఆమెను ఫొటోలో తప్ప చూడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ల నాయనతో కలిసి ఆమే నన్ను చూడటానికి వస్తుందన్నారు. ఆమె ఊ అంటేనే పెళ్లి.

అందుకని ఫోన్‌లో చూసి ఒక సీరం తెప్పించాను. తవుడు నుంచి తీసిన ఫెరూలిక్ యాసిడ్, విటమిన్ సి కలిపినది. ఎండకు కమిలే చర్మాన్ని కాపాడే యాంటీ ఆక్సిడెంటట. మందుల దుకాణంలో పనిచేసే మా వదిన డబ్బా మీది అక్షరాలన్నీ చదివి, ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి ఒకరోజు ఆగమని, అప్పుడే గడ్డం గీసిన మొహానికి అసలు వద్దని చెప్పింది. నేను నవ్వాను.

"తవుడే గదా వదినా. మన బర్రె రోజూ బకెట్టెడు తింటది, దానికేమయింది?"

శనివారం పొద్దున నున్నగా గడ్డం గీసుకుని, సగం సీసా పట్టించి, మిద్దె మీద ఎండలో పడుకున్నాను. కళ్లు మూసుకుంటే కురిచేడు స్టేషన్, ఆగిన రైలు, కిటికీలో ఆమె. మంట పుడుతుంటే అందం లోపలికి దిగుతోందనుకున్నాను. లేచేసరికి మొహం పండుమిరపకాయ. వదిన చల్లటి నీళ్లతో కడిగించి, డబ్బా మీది అక్షరాలన్నీ మళ్లీ పైకి చదివింది (అదే ఎక్కువ మండింది).

మర్నాడు తువ్వాలు చాటున కూర్చున్నాను. "ఏందబ్బాయా ఆ మొహం?" అన్నాడు వాళ్ల నాయన. అబద్ధమేదీ తట్టక ఉన్నదంతా చెప్పేశాను, బర్రె మాటతో సహా. ఆమె తలొంచుకుని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నా రైలు వెళ్లిపోయిందనుకున్నాను. సాయంత్రం సరేనని ఫోనొచ్చింది.

పెళ్లయినప్పటి నుంచి సీరం సీసా ఆమె చేతిలోనే ఉంటుంది. నాకు లెక్కగా మూడు చుక్కలు, పైన సన్‌స్క్రీన్. ఈమధ్య ఆ ఎర్రమొహం పిల్లగాడు గుర్తొచ్చి నాకే ముద్దొచ్చాడు. అట్లాంటివాడిలో ఏం చూసి ఒప్పుకున్నావని ఆమెను అడిగాను.

"మీ బర్రె తవుడు తినిందే గాని మొహానికి పూసుకోలేదు గదా. ఆ ఇంట్లో ఒకరికన్నా బుద్ధుంది, చాల్లే అనుకున్నా."