నూజివీడు దారిలో ఊగిన హ్యాండిల్

మామిడికాయలు చెట్టు మీదుండగా నూజివీడు తోటలు చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నా, ఆ ఆదివారం నేను బయలుదేరింది అందుకు కాదు. మా తోడల్లుడు శ్రీనును నిలదీయడానికి. అతనికి నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో మామిడి తోట ఉంది. అంతకుముందు నెలలో తన బండి పాడైందని నా బండి అడిగి తీసుకెళ్ళి, వారం తర్వాత తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి ముందు బ్రేకు వేస్తే హ్యాండిల్ కింద టక్కుమని చప్పుడు. వేగం పెరిగితే బండి ఎడమకు లాగుతోంది. ఎక్కడో పడేసి, చెప్పకుండా తెచ్చి ఇచ్చాడని తేల్చేసుకున్నాను. రుజువు చేద్దామని స్పానర్ల సంచి కూడా సీటు వెనక కట్టుకున్నాను.

విజయవాడలో ఆరింటికి బయలుదేరితే నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడుకు నింపాదిగా గంటన్నర పడుతుంది. ఆగిరిపల్లిలో ఇడ్లీ తిన్నాను. టిఫినూ పెట్రోలూ కలిపినా ఐదువందలు దాటలేదు. "తోటల్లోకాండీ? పొద్దున్నే చూసేసుకోండి, తర్వాత ఎండకి నిలబడలేరు," అంది ఇడ్లీలు వడ్డించినావిడ. ఆ ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా తోటలే. కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగి ఉన్నాయి. నేను వాటిని సరిగా చూడనే లేదు. హ్యాండిల్ ఊగినప్పుడల్లా శ్రీనును అనాల్సిన మాటలు కూర్చుకుంటూ పోయాను.

తోటలో శ్రీనుతో పాటు అతని భార్య లలిత ఉంది. ఆమె నా భార్యకు చెల్లెలు. పక్కనే పండ్ల వ్యాపారి సుబ్బారావుగారు నిలబడి, ఆ ఏడాది కాపు మొత్తం తాను తీసుకునే సంగతి మాట్లాడుతున్నారు. నన్ను చూడగానే శ్రీను ఎదురొచ్చాడు.

"రండన్నయ్యా, మంచి టైముకి వచ్చారు. రసాలు కోయిస్తాను."

"కాయల సంగతి తర్వాత. బండిని ఎక్కడ పడేశావు?"

అతని ముఖం చిన్నబోయింది. "కంకర మీద జారి పడ్డానన్నయ్యా. బండికేం కాలేదు కదా అని..."

"అని దాచిపెట్టావు. ఇది దాచినవాడివి ఇంకేం దాచవు?"

గట్టిగానే అన్నాను. సుబ్బారావుగారు శ్రీను వంక ఒకసారి చూసి, "విస్సన్నపేటలో ఇంకో తోట చూడాలండీ," అంటూ బేరం తేల్చకుండానే కారెక్కి వెళ్ళిపోయారు. నేను గెలిచినట్టే అనిపించింది.

షెడ్డు నీడలో బండికి సెంటర్ స్టాండ్ వేశాను. శ్రీను వెనక సీటు మీద కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేచింది. ముందు చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే ఫోర్కుల కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే అదే టక్కు. అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే స్టీరింగ్ బేరింగు నట్టు వదులుగా ఉంది. తర్వాత, వంగిన ఫోర్కును చూపిద్దామని చక్రం విప్పాను. చక్రం ఇరుసు, అదే యాక్సిల్, బిగుసుకుని, సుత్తితో కొడితేగాని రాలేదు. ఫోర్కు గొట్టాలు రెండూ తిన్నగానే ఉన్నాయి. కానీ పైన వాటిని పట్టి ఉంచే క్లాంపులో ఎడమ గొట్టం కుడిదానికంటే వేలి మందం ఎత్తులో ఉంది. బోల్టులు మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి. పడితే ఫోర్కు వంగుతుంది, లేదా పక్కకు తిరుగుతుంది. ఇలా ఒక్కటే పైకి జరిగి బిగుసుకోదు. విప్పి బిగించినవాళ్ళు చేస్తేనే అలా అవుతుంది.

విప్పి బిగించింది నేనే. వీడియో చూస్తూ ఫోర్కుల ఆయిల్ సీళ్ళు మార్చి, బేరింగులకు గ్రీజు పెట్టి, ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మర్నాడే శ్రీను అడిగితే, వీధి చివరిదాకా కూడా నడిపి చూడకుండా తాళం చేతిలో పెట్టాను.

స్పానరు కింద పెట్టాను. "పడ్డప్పుడు ఒక్కడివేనా?" అని అడిగాను.

శ్రీను బదులు లలిత చెప్పింది. "మా పాప కూడా ఉంది బావగారూ. మోకాలు చీరుకుపోయి కుట్లు పడ్డాయి. మీకు తెలిస్తే బాధపడతారని ఈయనే చెప్పనివ్వలేదు."

"నాకే ఆ బండి నడపడం చేతకాలేదనుకున్నా అన్నయ్యా," అన్నాడు శ్రీను.

"చేతకానిది నాకు," అన్నాను. తల ఎత్తలేకపోయాను. "ఇది నా పనే శ్రీనూ. నువ్వూ పాపా పడింది నా వల్లే."

గొట్టాలు రెండూ సమానంగా దించాను. టక్కు పోయేదాకా, హ్యాండిల్ ఎటు వదిలితే అటు తేలిగ్గా వాలేటట్టు నట్టు బిగించాను. చక్రం ఎక్కించి, ఫోర్కులను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలి, అప్పుడు యాక్సిల్ పూర్తిగా బిగించాను. నేను అడిగిన పనిముట్టల్లా శ్రీను అందిస్తూనే ఉన్నాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

భోజనానికి లేవమన్నారు. తినకుండానే సుబ్బారావుగారిని వెతుక్కుంటూ విస్సన్నపేట వెళ్ళాను. బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది, బ్రేకు వేసినా చప్పుడు లేదు. అది చూసి సంతోషించే మొహం నాకు లేదు. సుబ్బారావుగారు మరో తోటలో కాయ కోసి చూస్తున్నారు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన కత్తి తుడుచుకుంటూ విన్నారు. "పొద్దున మీరన్న మాటా విన్నానండీ, ఇప్పుడు చెప్పిందీ విన్నాను. ఈ ఎండలో ఇంతదూరం వచ్చి చెప్పారు, సంతోషం. అయినా నలుగురిలో అనేముందు ఒకసారి చూసుకోవాల్సిందండీ."

"నిజమేనండీ," అని మాత్రం అనగలిగాను.

కాపు చివరికి ఆయనే తీసుకున్నారు. పాప మోకాలు మానింది, మచ్చ మిగిలింది. మొన్న శ్రీను విజయవాడ వచ్చినప్పుడు బండి తాళం ఇవ్వబోతే, "వద్దన్నయ్యా, ఆటోలో వెళ్తాను," అన్నాడు. అందులో కోపం లేదు, ఎప్పటి మర్యాదే. బండి ఎడమకు లాగితే కారణం వెతకడం నాకు తెలుసు. మనిషిని మాత్రం కారణం చూడకుండానే దోషిని చేశాను. నూజివీడు వైపు వెళ్ళేవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే వెళ్ళండి, దారంతా కన్నుల పండుగ. ఫోర్కులు విప్పి బిగించిన బండయితే, రెండు గొట్టాల ఎత్తూ స్కేలుతో కొలిచి, ఖాళీ రోడ్డు మీద ముందు మీరొక్కరే నడిపి చూడండి. ఆ తర్వాతే వెనక ఎవరినైనా ఎక్కించుకోండి.